పేరుకో శిలువ, ప్రాణానికో పెట్టె: అమెరికాలో తుపాకీ మృతులకు సామాన్యులు కట్టే స్మారకాలు

2017 అక్టోబర్ 1 రాత్రి లాస్ వేగస్‌లో ఆరుబయట జరుగుతున్న సంగీత కచేరీ మీద కాల్పులు జరిగాయి. 58 మంది చనిపోయారని మొదట లెక్క తేలింది. ఆ వారంలోనే ఇల్లినాయ్ రాష్ట్రం నుంచి ఒక వడ్రంగి ట్రక్కు నిండా తెల్ల శిలువలు వేసుకుని, దాదాపు 2,800 కిలోమీటర్లు ప్రయాణం చేసి అక్కడికి చేరారు. నగరానికి స్వాగతం పలికే ఆ ప్రసిద్ధ బోర్డు దగ్గర 58 శిలువలనూ వరసగా నిలబెట్టారు. ఒక్కో దాని మధ్యలో ఎర్రటి గుండె బొమ్మ, మనిషి పేరు, ఫొటో ఉన్నాయి. జనం వచ్చి ఆ తెల్ల చెక్క మీద మార్కర్లతో రాయడం మొదలుపెట్టారు.

ఆ శిలువలు చేసినాయన పేరు గ్రెగ్ జానిస్. ఆయనను ప్రభుత్వం పంపలేదు, ఎవరూ డబ్బిచ్చి చేయించుకోలేదు.

అమెరికాలో కాల్పుల వార్త వచ్చినప్పుడల్లా మన టీవీల్లో, ఫోన్లలో ఇలాంటి దృశ్యాలు కనిపిస్తూనే ఉంటాయి. కొవ్వొత్తులు, టెడ్డీ బేర్లు, కంచెకు కట్టిన చొక్కాలు, కాగితపు పూలు. వాటిని చూసి ఇదేదో సానుభూతి చూపించే పద్ధతిలే అనుకుని ముందుకు జరిగిపోతాం. దగ్గరికెళ్లి చూస్తే ప్రతి స్మారకం వెనకా ఒక తగవు ఉంటుంది. ఎంతమంది పేర్లు రాయాలి? చంపినవాడు కూడా చచ్చిపోతే అతనికీ ఒకటి పెట్టాలా? ఆత్మహత్య చేసుకున్నవాళ్లు ఈ లెక్కలోకి వస్తారా? హిందువు చనిపోతే శిలువ పాతొచ్చా? ఎన్నాళ్లు ఉంచాలి, తర్వాత ఏం చేయాలి? నా దృష్టిలో ఇవన్నీ ఒకే ప్రశ్నకు వేర్వేరు రూపాలు: మనుషుల్ని లెక్కపెట్టడం ఎలా అన్నది.

## ముందు మాటలు తేల్చుకుందాం

'గన్ వయలెన్స్' అనగానే స్కూల్లోకో మాల్‌లోకో తుపాకీతో దూరి పదిమందిని కాల్చిన ఘటనే మనకు గుర్తొస్తుంది. అసలు లెక్క వేరు. 2021లో అమెరికాలో తుపాకీ తూటాలకు 48,830 మంది చనిపోయారని ఆ దేశ ఆరోగ్య సంస్థ సీడీసీ గణాంకాలు చెబుతున్నాయి. వాళ్లలో 26,328 మంది తమను తామే కాల్చుకున్నవాళ్లు. 20,958 మంది హత్యకు గురైనవాళ్లు. మిగిలిన 1,544 మంది తుపాకీ ప్రమాదవశాత్తూ పేలి చనిపోయినవాళ్లు, పోలీసు కాల్పుల్లో పోయినవాళ్లు, కారణం తేలనివాళ్లు. అంటే సగానికి పైగా ఆత్మహత్యలే. మన దాకా వార్తగా వచ్చే సామూహిక కాల్పుల మృతులు మొత్తంలో చాలా చిన్న వాటా.

ఇక స్మారకాలు రెండు రకాలు. ఒకటి ప్రభుత్వమో, ట్రస్టో స్థలం కొని, ఆర్కిటెక్టును పెట్టి, ఏళ్ల తరబడి కట్టేది. రెండోది ఘటన జరిగిన గంటల్లోనే ఎవరూ పిలవకుండా జనమే పోగుచేసేది. జాక్ శాంటినో అనే జానపద పరిశోధకుడు ఈ రెండో రకాన్ని 'స్పాంటేనియస్ ష్రైన్' అన్నారు. అప్పటికప్పుడు వెలిసిన గుడి లాంటిదని అర్థం చెప్పుకోవచ్చు. మనిషి పోయిన చోటే జనం కలిసి నిలబడటానికి అదొక గుర్తు. దాని ముందుకు వచ్చినవాళ్లు దండం పెట్టుకుంటారు, ఏడుస్తారు, ఇలా ఎందుకు జరిగిందని నిలదీస్తారు కూడా.

ఈ వ్యాసం ముఖ్యంగా ఈ రెండో రకం గురించి, అందులోనూ చేత్తో చేసిన వాటి గురించి. కొన్న పూలగుత్తికీ చేత్తో చేసిన శిలువకూ తేడా ఉంది. రెండోదానికి ఒక మనిషి తన సమయంలోంచి కొంత ఇంకో మనిషికి కేటాయించాలి.

## ఒక వడ్రంగి, 26 వేల శిలువలు

జానిస్ ఈ పని మొదలుపెట్టడానికి కారణం సొంత ఇంటి దుఃఖం. 1996లో ఆయన మామగారు హత్యకు గురయ్యారు. ఆ శవాన్ని మొదట చూసింది ఈయనే. ఆ తర్వాత మొదలైన శిలువల పని 2019 చివర్లో ఓపిక అయిపోయి ఆపేసేదాకా సాగింది. 2020 మేలో క్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పటికి 26 వేలకు పైగా శిలువలు చేశారని లెక్క. అన్నీ తుపాకీ మృతులకే కాదు, ప్రకృతి విపత్తుల్లో పోయినవాళ్లకూ చేశారు.

ఈ అంకెను చేతి పనిగా మార్చి చూద్దాం. 1996 నుంచి 2019 వరకు 23 ఏళ్లు. అంటే 8,400 రోజుల దగ్గర. 26 వేలను ఆ రోజులతో భాగిస్తే, పండగ లేదు పబ్బం లేదు, రోజుకు మూడు శిలువల చొప్పున ఒక మనిషి చేసినట్టు. ఇప్పుడు 2021 మరణాలను అదే పద్ధతిలో తీసుకుందాం. 48,830ని 365తో భాగిస్తే రోజుకు సుమారు 134 మంది. అంటే ఆయన 23 ఏళ్ల కష్టం ఆ ఒక్క ఏడాదిలో 194 రోజుల మరణాలకు సరిపోతుంది. జనవరి 1న మొదలుపెడితే జూలై మధ్యలో శిలువలు అయిపోతాయి. ఒక్కో శిలువ కోసి, మేకులు కొట్టి, రంగు వేసి, పేరు రాయడానికి గంట పడుతుందనుకుందాం (ఇది నా ఊహ మాత్రమే). రోజుకు 134 శిలువలు కావాలంటే రోజూ ఎనిమిది గంటలు పనిచేసే వడ్రంగులు పదిహేడు మంది ఉండాలి. ఏడాది పొడవునా, సెలవు లేకుండా.

అంకెగా చూసినప్పుడు 134 మనకేమీ అనిపించదు. పదిహేడు మంది వడ్రంగులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా శిలువలు చేస్తూనే ఉన్నారని ఊహించుకుంటే మాత్రం గుండె బరువెక్కుతుంది.

## కాగితం, బొంత, గాజు: లెక్కను కంటికి చూపించే దారులు

లాస్ వేగస్ ఘటన తర్వాతే, 2017లో, ఆరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో లెస్లీ లీ అనే కళాకారిణి 'సోల్ బాక్స్ ప్రాజెక్ట్' మొదలుపెట్టారు. కాగితాన్ని మడిచి చేసే అరచేతిలో పట్టే పెట్టె అది. తుపాకీ వల్ల చనిపోయిన లేదా గాయపడిన ఒక్కో మనిషికి ఒక్కో పెట్టె. ఆత్మహత్యలూ ఇందులో లెక్కే. స్కూలు పిల్లలు, చర్చికి వచ్చేవాళ్లు, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఎక్కడెక్కడి నుంచో మడిచి పంపించారు. కొన్నింటి మీద ఫొటోలు, పేర్లు ఉంటాయి. కొన్నింటి మీద ఏమీ ఉండదు, ఎవరికోసం మడిచారో మడిచినవాళ్లకూ తెలియదు. 2021 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లోని 'నేషనల్ మాల్' అనే పెద్ద మైదానం పచ్చిక మీద రెండు లక్షల పెట్టెలు పేర్చి చూపించారు. ఒక్కో పెట్టె కోసం ఎవరో ఒకరు కూర్చుని కొన్ని నిమిషాలపాటు మరో మనిషి గురించి ఆలోచించారన్నది నాకు ఆ రెండు లక్షల కంటే పెద్ద విషయంగా తోస్తుంది.

ఇలా వస్తువులతో లెక్క చూపించే పద్ధతి అంతకుముందే ఉంది. 1987లో ఎయిడ్స్ మృతుల కోసం అదే మైదానంలో పరిచిన బొంత దీనికి పెద్దక్క. అప్పుడు 1,920 ముక్కలు. ఒక్కో ముక్క మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అంటే దాదాపు ఒక సమాధి కొలత. అమ్మమ్మలు పాత చీరల్ని కలిపి కుట్టే బొంతలు తెలిసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. కట్టుకున్న బట్టలో మనిషి వాసన ఉంటుంది. ఈ మధ్య హింసకు బలైనవాళ్ల పేర్లతో గుడ్డ ముక్కలు కుట్టే పనిని 'సోషల్ జస్టిస్ సోయింగ్ అకాడమీ' అనే సంస్థ చేపట్టింది. కుట్టేది ఎక్కువగా వాలంటీర్లు, పోయిన మనిషిని వాళ్లెప్పుడూ చూసి ఉండరు.

గాజు ఇటుకల ఇళ్లు ఇంకో దారి. మాస్ డిజైన్ గ్రూప్ అనే ఆర్కిటెక్టుల బృందం, కళాకారుడు హాంక్ విల్లిస్ థామస్, బిడ్డల్ని పోగొట్టుకున్న షికాగో తల్లిదండ్రుల సంస్థ 'పర్పస్ ఓవర్ పెయిన్' కలిసి చేసిన ఈ స్మారకాన్ని 2019లో మొదట షికాగోలో చూపించారు, తర్వాత వాషింగ్టన్ తీసుకెళ్లారు. నాలుగు చిన్న ఇళ్లు, ఒక్కో ఇంటికి 700 గాజు ఇటుకలు. వారానికి సగటున 700 మంది తుపాకీకి బలవుతున్నారన్నది ఆనాటి లెక్క. ఇటుకలు బోలుగా ఉంటాయి. కుటుంబాలు తెచ్చిన వస్తువును అందులో పెడతారు, పేరూ పుట్టిన ఏడాదీ పోయిన ఏడాదీ రాస్తారు. పసిపిల్లల బూట్లు, గ్రాడ్యుయేషన్ టోపీ కుచ్చు, ఇంటి తాళాలు లాంటివి. ఇటుకలన్నీ నిండలేదు. ఖాళీగా ఉన్న గాజులోంచి అవతలి వైపు కనిపిస్తూ ఉంటుంది.

ఇక్కడా ఒక లెక్క వేయొచ్చు. 2021 మరణాలను 52 వారాలకు పంచితే వారానికి 939. అంటే 700 ఇటుకల ఇల్లు ఆ ఏడాదికి చాలదు, మనుషులు గుమ్మం బయటే మిగిలిపోతారు. ఆ ఒక్క సంవత్సరానికే ఇలాంటి ఇళ్లు దాదాపు 70 కావాలి. ఒక చిన్న వీధి అవుతుంది.

## చంపినవాడికి కూడా శిలువా?

1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్‌లో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటి పిల్లల్నీ ఒక టీచర్నీ కాల్చి చంపి, తమను తాము కాల్చుకున్నారు. జానిస్ అక్కడ స్కూలు పక్క గుట్ట మీద 15 శిలువలు పాతారు. పదమూడు కాదు, పదిహేను. చంపిన ఇద్దరికీ కలిపి. చనిపోయిన ఒక పిల్లాడి తండ్రి వచ్చి ఆ రెండింటినీ పడగొట్టారు. ఆ ఊళ్లోనే ఒక చర్చి 15 చెట్లు నాటితే, వాటిలోనూ రెండింటిని నరికేశారు.

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ యూనివర్సిటీలో 32 మంది పోయారు. వాళ్లలో తమిళనాడుకు చెందిన ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్, ముంబైకి చెందిన ఒక విద్యార్థిని ఉన్నారు. క్యాంపస్ భవనాలు కట్టిన రాయినే తెచ్చి విద్యార్థులు మైదానంలో 32 రాళ్లు అర్ధచంద్రాకారంలో పేర్చారు. ఒక విద్యార్థిని 33వ రాయి తెచ్చి పెట్టింది, కాల్చి తానూ చనిపోయిన విద్యార్థి కోసం. కొన్ని రోజులకు అది కనిపించకుండా పోయింది. దాని మీద క్యాంపస్‌లో పెద్ద చర్చే జరిగింది. తర్వాత యూనివర్సిటీ కట్టిన శాశ్వత స్మారకంలో 32 రాళ్లే ఉన్నాయి.

రెండు వైపులా వినాల్సిన మాట ఉంది. పెట్టాలి అనేవాళ్లు అతనూ ఒక తల్లి బిడ్డే అంటారు. ఆ ఇంట్లోనూ శవం లేచింది. పైగా ఆ కుటుంబానికి బయటికొచ్చి ఏడ్చే హక్కు కూడా లేకుండా పోయింది. మతపరంగా చూసినా క్షమ అనే మాటకు ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ విలువ అని అడుగుతారు. వద్దనేవాళ్ల మాట ఇంకా సూటిగా ఉంటుంది. నా బిడ్డ పేరు పక్కనే వాణ్ణి చంపినవాడి పేరు ఒకే సైజు అక్షరాల్లో ఉంటే, ఇద్దరికీ జరిగింది ఒకటే అని చెప్పినట్టు కాదా? కాల్చినవాళ్లకు ప్రచారం దక్కకూడదు, మీడియా పేర్లు చెప్పకూడదు అని బాధిత తల్లిదండ్రులే నడుపుతున్న 'నో నోటోరైటీ' ఉద్యమం కూడా ఈ బాధలోంచే వచ్చింది.

నాకు అర్థమైనంతలో, ఇక్కడ వస్తువు చేసే మాయ ఒకటుంది. మనసులో క్షమించడం వేరు, బయట ఒక శిలువ పాతడం వేరు. వరసలో నిలబెట్టిన శిలువలన్నీ ఒకేలా ఉంటాయి, వాటిలో తేడా చూపించే వీల్లేదు. ఆ తండ్రి కోపం ఆ సమానత్వం మీద.

## హిందువు పేరు రాసే చోటు

శిలువ క్రైస్తవ గుర్తు. చనిపోయినవాళ్లందరూ క్రైస్తవులు కారు. 2018లో పిట్స్‌బర్గ్ యూదుల ప్రార్థనా మందిరంలో 11 మందిని చంపినప్పుడు జానిస్ శిలువలు పక్కనపెట్టి, యూదుల గుర్తయిన ఆరు కోణాల దావీదు నక్షత్రాలు చేసి తీసుకెళ్లారు. ఆ కుటుంబాల మనసెరిగి చేసిన పని అది.

ఇప్పుడు మన సంగతి. 2023 మే 6న టెక్సస్‌లోని ఆలెన్‌లో ఔట్‌లెట్ మాల్ దగ్గర ఎనిమిది మంది కాల్పులకు బలయ్యారు. వాళ్లలో తెలంగాణ నుంచి వెళ్లిన యువ ఇంజనీరు ఒకరు. అక్కడా జనం వచ్చి పెద్ద చెక్క శిలువలు నిలబెట్టారు, వాటి చుట్టూ పూలు పేరుకున్నాయి. అమెరికాలో ఆ శిలువను చాలామంది మతచిహ్నంగా కాక, 'ఇక్కడ ఒక మనిషి పోయాడు' అని చెప్పే రోడ్డు పక్క గుర్తుగా చూస్తారు. పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే, ఎవరినీ వదిలేయకూడదనే. అయినా మతం ఏదో అడక్కుండా పెట్టే గుర్తు ఆ కుటుంబానికి పరాయిగా తోచే వీలుంది అనేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజమే. అడిగే తీరిక, అడిగే పరిచయం ఆ మొదటి గంటల్లో ఎవరికీ ఉండదు.

మన ఆచారానికీ దీనికీ ఇంకో తేడా ఉంది. మనలో చాలామందికి సమాధి ఉండదు. దహనం చేస్తాం, అస్థికలు నదిలో కలుపుతాం, తర్వాత ఫొటోకు దండ వేసి గోడకు తగిలిస్తాం. అమెరికాలో పోయిన తెలుగు పిల్లల విషయంలో శరీరాన్ని ఇంటికి పంపడమే మొదటి యుద్ధం. తానా లాంటి సంఘాలు కాగితాల పని చూస్తాయి, స్నేహితులు ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేస్తారు. 2018లో కాన్సస్ సిటీ రెస్టారెంట్లో పనిచేస్తూ ఒకరు, 2024 నవంబర్‌లో షికాగో దగ్గర గ్యాస్ స్టేషన్లో ఒకరు ఇలాగే కాల్పుల్లో పోయారు. కర్మకాండ ఊళ్లో జరుగుతుంది. కానీ అక్కడ చదివిన రూమ్మేట్లకు, కలిసి పనిచేసినవాళ్లకు, వెళ్లి నిలబడటానికి ఒక చోటు ఉండదు. కొవ్వొత్తులు పెట్టిన ఆ ఫుట్‌పాతే వాళ్లకు శ్మశానం, అదే సంతాప సభ.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఓలేథ్‌లో జాతి ద్వేషంతో జరిగిన కాల్పుల్లో హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయారు. ఆయన స్నేహితుడు, అడ్డుపడిన ఒక అమెరికన్ యువకుడు గాయపడ్డారు. అక్కడివాళ్లు కొవ్వొత్తులతో వచ్చారు, శాంతి నడక చేశారు. కాన్సస్ గవర్నర్ మార్చి 16ను భారతీయ అమెరికన్ల గౌరవ దినంగా ప్రకటించారు. శ్రీనివాస్ భార్య సునయన దుమాల 'ఫరెవర్ వెల్‌కమ్' పేరుతో వలస వచ్చినవాళ్ల కథలు చెప్పే పని మొదలుపెట్టారు. శ్రీనివాస్‌కు గుర్తుగా ఇక్కడ మిగిలింది చెక్కా రాయీ కాదు, ఆమె పెట్టుకున్న ఆ పని.

## ఎవరి చావు మీద ఎన్ని పూలు

2012 డిసెంబర్ 14న కనెటికట్ రాష్ట్రం న్యూటౌన్‌లోని శాండీ హుక్ స్కూల్‌లో 20 మంది చిన్నపిల్లలు, ఆరుగురు పెద్దలు బలయ్యారు. ఆ చిన్న ఊరికి 60 వేలకు పైగా టెడ్డీ బేర్లు వచ్చాయి, ఉత్తరాలు లక్షల్లో వచ్చాయి. పిల్లలు మారబోయే స్కూలు భవనాన్ని అలంకరిద్దాం, కాగితంతో మంచుపూలు కత్తిరించి పంపండని అక్కడి తల్లిదండ్రుల, టీచర్ల సంఘం అడిగితే, దేశం నలుమూలల నుంచి ఎంత వచ్చాయంటే చివరికి ఇక చాలు, పంపొద్దని వేడుకోవాల్సి వచ్చింది. వాటిని పెట్టడానికి గోదాములు కావాల్సి వచ్చాయి. దుఃఖంలో ఉన్న ఊరికి ఆ ప్రేమను సర్దుకోవడమే పెద్ద పనైంది.

అదే దేశంలో షికాగో దక్షిణ ప్రాంతంలోనో, న్యూ ఆర్లీన్స్‌లోనో ఒక నల్లజాతి కుర్రాడు శనివారం రాత్రి వీధి మూలన పోతే అతనికి వచ్చేవి నాలుగు కొవ్వొత్తులు, రెండు బెలూన్లు, స్తంభానికి కట్టిన ఒక టెడ్డీ బేర్. అక్కడి కుర్రాళ్లు పోయిన స్నేహితుడి ఫొటో ప్రింట్ చేసిన టీ షర్టులు వేసుకుంటారు. ఈ టీ షర్టులు చేసే షాపులు ఆ వాడల్లో ఉంటాయి. ఫిలడెల్ఫియా ప్రాంతంలో 'హీడింగ్ గాడ్స్ కాల్' సంస్థ చర్చిల ముందు పచ్చికలో చెక్క చట్రాలకు టీ షర్టులు తొడిగి పెడుతుంది. ఒక్కో దాని మీద పేరు, వయసు, పోయిన తేదీ. గాలి వీస్తే ఖాళీ చేతులు ఉబ్బి కదులుతాయి, లోపల ఎవరో ఉన్నట్టే.

న్యూ ఆర్లీన్స్‌లో సెయింట్ అనాస్ ఎపిస్కోపల్ చర్చి 2007 నుంచి గోడ బయట 'మర్డర్ బోర్డు' నడిపింది. అలంకారం ఏమీ లేదు. తేదీ, పేరు, వయసు, ఎలా పోయారు. 'కాల్చారు'. కింద లైనులో మళ్లీ 'కాల్చారు'. మళ్లీ 'కాల్చారు'. చేతిరాతతో. పేరు తెలియనివాళ్లకూ అందులో ఒక లైను ఉంటుంది.

తేడా ఎందుకు? జాతి వివక్ష ఒక కారణమని చాలామంది పరిశోధకులు, బాధితుల తల్లులు చెబుతారు. ఒకేసారి ఇరవై మంది పోతే వార్త, వారానికి ఒకరు చొప్పున ఏడాదంతా యాభై మంది పోతే వార్త కాకపోవడం ఇంకో కారణం. 'అతనికీ గ్యాంగులతో సంబంధం ఉందేమో' అని ఎవరో ఒక మాట అనేస్తే చాలు, జాలి అక్కడితో ఆగిపోతుంది. ఆ మాటకు జవాబులాంటి ఒక సంప్రదాయం షికాగోలో పుట్టింది. 2013 జనవరిలో 15 ఏళ్ల హదియా పెండిల్టన్‌ను పార్కులో కాల్చి చంపారు. ఆమె స్నేహితులు నారింజ రంగు వేసుకున్నారు. వేటకెళ్లినవాళ్లు 'నన్ను కాల్చకండి, నేను మనిషిని' అని చెప్పడానికి వేసుకునే రంగు అది. ఆమె పుట్టినరోజు జూన్ 2. ఇప్పుడు ఏటా జూన్ మొదట్లో దేశమంతా ఆ రంగు కనిపిస్తుంది.

## ఇది నివాళా, రాజకీయమా?

తుపాకీ హక్కుల పక్షం వాళ్ల అభ్యంతరాన్ని సరిగ్గా చెప్పుకోవాలి. వాళ్లు దుఃఖాన్ని కాదనరు. పార్లమెంటు ముందు వేల వస్తువులు పేర్చడం నివాళి కాదు, చట్టం కోసం ఒత్తిడి అంటారు. 2018 మార్చిలో అమెరికా పార్లమెంటు ముందు పచ్చికలో, శాండీ హుక్ తర్వాత బలైన పిల్లల గుర్తుగా, 7,000 జతల బూట్లు పేర్చినప్పుడు ఉద్దేశం దాచిపెట్టింది కూడా కాదు. ఆత్మహత్యల్ని హత్యలతో కలిపి ఒకే కుప్పగా చూపిస్తే నేరాలు రెట్టింపైనట్టు కనిపిస్తుంది, రెండింటికీ మందు వేరు అన్నది వాళ్ల రెండో వాదన. అంకెల విషయంలో ఆ మాటను తోసిపారేయలేం. 2021లో ఆత్మహత్యలు తీసేస్తే 48,830 కాస్తా 22,502 అవుతుంది.

అవతలి పక్షం జవాబు ఇలా ఉంటుంది. తుపాకీ చేతికి అందుబాటులో ఉండటం రెండింటికీ ఉమ్మడి అంశం. ఇక, ఆత్మహత్య చేసుకున్న మనిషి ఇంట్లోవాళ్లు మామూలుగా నోరు విప్పరు. కాగితపు పెట్టెల్లో తమ కొడుక్కీ ఒకటుందంటే మొదటిసారి నలుగురిలో ఆ పేరు పలకగలిగారు. లెక్క కోసం వాళ్లను విడగొట్టాలా, నివాళి కోసం కలపాలా అన్నది నిజంగానే చిక్కు ప్రశ్న. నా అభిప్రాయం అడిగితే, గణాంకాల పట్టికలో విడదీయాలి, పచ్చిక మీద కలపాలి. పట్టిక వేసేది కారణం వెతకడానికి, పచ్చిక మీద పేర్చేది మనిషిని తలుచుకోవడానికి.

కుటుంబాల్లోనూ ఒకే మాట లేదు. కొందరు తమ బిడ్డ పేరుతో చట్టం రావాలని పోరాడతారు. ఇంకొందరు మా అబ్బాయి ఫొటో ప్లకార్డు మీద వద్దంటారు. చెయ్యి ఎంత ప్రేమతో చేసినా, పేరు మాత్రం ఆ ఇంటిది. జానిస్ శిలువలకు మెచ్చుకోలు ఎంత దక్కినా, అడక్కుండా ఎవరి పేరైనా రాయొచ్చా అన్న ప్రశ్న మొదటి నుంచీ ఉంది.

## పూలు వాడాక

వీధిలో వెలిసిన స్మారకం వానకు, ఎండకు తట్టుకోదు. కొన్ని వారాలకు ఊరి అధికారులకు టెన్షన్ మొదలవుతుంది. తీసేస్తే కుటుంబాలు నొచ్చుకుంటాయి, ఉంచేస్తే కుళ్లిన పూలు, తడిసిన బొమ్మలు. న్యూటౌన్‌లో వాడిన పూలను, బొమ్మలను కాల్చి, ఆ బూడిదను పవిత్రమైన మట్టిగా భద్రం చేసి, శాశ్వత స్మారకం పనుల్లో కలపాలని నిర్ణయించారు. అస్థికలు దాచి నదిలో కలిపే మనకు ఈ ఆలోచన వెంటనే అర్థమవుతుంది. ఆ స్మారకం 2022 నవంబర్‌లో తెరిచారు. మధ్యలో ఒక చెట్టు, చుట్టూ తిరిగే నీళ్లు, రాతి అంచు మీద 26 పేర్లు.

ఓర్లాండోలో 2016లో పల్స్ నైట్‌క్లబ్‌లో 49 మంది పోయాక, ఆ కౌంటీ చరిత్ర మ్యూజియం సిబ్బందే వీధుల్లోకి వచ్చి వేల వస్తువుల్ని ఏరి భద్రపరిచారు. జానిస్ చేసిన 49 శిలువలూ అక్కడికే చేరాయి. లాస్ వేగస్ శిలువలను కూడా నలభై రోజులకు తీసి క్లార్క్ కౌంటీ మ్యూజియానికి తరలించారు.

కానీ లాస్ వేగస్ లెక్క 58 దగ్గర ఆగలేదు. గాయాలతో బతికిన మరో ఇద్దరు తర్వాతి ఏళ్లలో చనిపోవడంతో అధికారిక సంఖ్య 60 అయింది. కొలంబైన్‌లో తూటా దెబ్బకు నడవలేకపోయిన ఒకామె 2025లో చనిపోయారు. ఆ పాత గాయాల వల్ల వచ్చిన మరణమే కాబట్టి దాన్ని హత్యగా లెక్కించారు. పాతికేళ్లు దాటాక అక్కడ మృతుల సంఖ్య 13 నుంచి 14కు పెరిగింది.

షికాగోలో 2016 డిసెంబర్ 31న, ఆ ఏడాది నగరంలో హత్యకు గురైనవాళ్ల కోసం జానిస్ చేసిన 700కు పైగా శిలువలను జనం భుజాన మోసుకుంటూ మిషిగన్ అవెన్యూలో నడిచారు. ఖరీదైన దుకాణాల వీధి అది. ఫాదర్ మైకేల్ ఫ్లేగర్ ముందు నడిచారు. కొత్త సంవత్సరం షాపింగ్‌కు వచ్చినవాళ్లు సంచులతో పక్కన నిలబడి చూశారు.

అదే మిషిగన్ అవెన్యూ మీద దక్షిణంగా పాతిక కిలోమీటర్లు వెళ్తే రోజ్‌ల్యాండ్ అనే వాడ వస్తుంది. అక్కడ డయాన్ లాటికర్ అనే ఆమె తన ఇంటి తలుపులు వీధి పిల్లలకు తెరిచి 'కిడ్స్ ఆఫ్ ది బ్లాక్' (పిల్లలు వీధికి దూరంగా అని అర్థం) అనే సంస్థ మొదలుపెట్టారు. 2007లో ఇంటి దగ్గరే ఖాళీ స్థలంలో 30 రాళ్లు పేర్చారు, హింసకు బలైన 30 మంది పిల్లలకు. రాయి మీద పేరు, వయసు. అప్పటి నుంచి రాళ్లు పెరుగుతూ వందలయ్యాయి. పేర్లు రాయడంలో ఎప్పుడూ వెనకబడే ఉంటున్నామని, ఇంకా పెట్టాల్సిన రాళ్లు మిగిలే ఉన్నాయని ఆమె అడిగినవాళ్లకల్లా చెబుతూ వచ్చారు.